గళ్ళ కాగితం మీద గగనమహల్

పరామర్శకు పోయి కడుపుబ్బ నవ్వి రావడం నా జీవితంలో అదే మొదలు. మొన్న హిందూపురంలో ఖాసిం సారు పోయారని కబురు తెలిసి బెంగళూరులో బస్సెక్కాను. తొంభై దాటిన మనిషి. పొద్దున్నే టీ తాగి, పేపర్లో పదాల గడి సగం నింపి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, గోడకు ఆనుకుని అలాగే వెళ్ళిపోయారట. అలాంటి చావుకు ఏడిస్తే అసూయతో ఏడ్చినట్టు ఉంటుంది. ఆయన భార్య మస్తానమ్మ పెద్దమ్మ మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు తానే ధైర్యం చెబుతోంది. నన్ను ఎగాదిగా చూసి, "ఎవురు, ధర్మవరం మణినా? ఏమ్మే, జుట్టంతా తెల్లగైపోయిండాది! లెక్క తప్పితే బొరుగులు చెరగల్ల, గ్యాపకముండాదా?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు నన్ను పరిచయం కూడా చేసింది. "ఈ పిల్ల లెక్కలు నేర్చుకోను రైల్లో వస్తాండె. లెక్కలు సారుకాడ నేర్చుకుంటాండె, బొరుగులు నాకాడ తిని పోతాండె." చావింట్లో అంతమంది ఒక్కసారిగా నవ్వితే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఆ ఇంట్లో ఇప్పుడు బొరుగుల బట్టీ లేదు. అది ఉన్న చోట మనవడు స్కూటరు నిలుపుకుంటున్నాడు. అయినా పెరట్లోకి అడుగుపెట్టగానే కాలిన ఇసుక వాసన ముక్కుకు తగిలింది. నిజంగా ఉందో, నేనే వెంట తెచ్చుకున్నానో చెప్పలేను. నలభై ఏళ్ళుగా జనం నన్ను ఆర్కిటెక్టు అంటున్నారు. బోర్డు మీద పేరు, పేరు వెనక అక్షరాలు, అన్నీ ఉన్నాయి. ఆ అక్షరాలు రావడానికి ముందు, అసలు ఆ చదువు గుమ్మం తొక్కడానికి నాకు అర్హత లేదని తెలిసి, ఆ అర్హత సంపాదించుకోవడానికి నానా తిప్పలు పడిన ఏడాది ఒకటుంది. తర్వాత చదివిన ఐదేళ్ళలో ఏం నేర్చుకున్నానో అంతగా గుర్తులేదు గానీ, ఆ ఒక్క ఏడాది మాత్రం అవ్వ రొట్టెల్లోకి నూరిన ఊరిబిండి రుచితో సహా గుర్తుంది.

ధర్మవరంలో మాది మగ్గం కోసం కట్టిన ఇల్లు. మగ్గానికి పోగా మిగిలిన చోటులో మనుషులం సర్దుకునేవాళ్ళం. మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే నాయన పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. ఎప్పుడన్నా లేచి వీధిలోకి వస్తే, ఈయన ఇంత పొడుగా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది. తెల్లవారకముందే వీధి పొడుగునా మగ్గాల చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడుకు మాకు నిద్ర చెడేది కాదు, అది ఆగితే చెడేది. రంగు వేసిన పట్టుకు ఒక ఘాటు వాసన ఉంటుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసనకు ఆకలేస్తుంది, ఎందుకంటే అవ్వ పొద్దంతా ఆ పట్టు దారం కండెలకు చుట్టి, అదే చేత్తో నాకు సంగటి ముద్ద కలిపి పెట్టేది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనను కన్న ఆ అవ్వే. గుమ్మం పక్కన రాట్నం పెట్టుకుని కూర్చునేది. చెయ్యి ఎంత తిరిగేదో నోరు అంతకు రెండింతలు తిరిగేది. వీధిలో పోయే ప్రతి మనిషికీ ఆమె దగ్గర ఒక ప్రశ్న ఉండేది. సమాధానం చెప్పకుండా మా ఇల్లు దాటినవాడు లేడు.

నాకు బొమ్మలు గీయడం ఆ ఇంట్లోనే వచ్చింది, ఎవరూ నేర్పకుండా. చీర అంచులో నెమలి కావాలంటే ముందు ఆ నెమలిని గళ్ళ కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైనున్న జాకార్డు పెట్టెలో తిరుగుతుంటే కింద చీర మీద నెమలి లేస్తుంది. ఊళ్ళో ఈ గ్రాఫులు గీసిచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు గానీ, ఆయన వేళకు ఇచ్చిన పాపాన పోలేదు. విసిగిపోయిన నాయన ఒకరోజు కాగితం నా ముందు పడేసి, "నువ్వే గియ్యి పాపా, ఆయప్ప కంటే చెడగొట్టవులే" అన్నాడు. అప్పటి నుంచి మా ఇంటి హంసలు, మామిడి పిందెలు, రుద్రాక్షలు అన్నీ నావే. పెళ్ళిళ్ళలో ఎవరి చీర కొంగు మీదన్నా నా హంస కనిపిస్తే, నేను పెళ్ళికూతుర్ని చూడడం మానేసి హంసనే చూస్తూ కూర్చునేదాన్ని.

అయితే నన్ను డాక్టరు చేయాలని అవ్వ పట్టు. దానికి కారణం ఆమె మోకాళ్ళు. ఇంట్లోనే డాక్టరుంటే అర్ధరాత్రి అపరాత్రి అనకుండా మందు ఇస్తుందని ఆమె లెక్క. అందుకని ఇంటర్లో లెక్కల గ్రూపు కాదని, జీవశాస్త్రం తీసుకున్నాను. మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో కప్పను పలక మీద పరిచి, చేతికి కత్తి ఇచ్చారు. నేను కప్ప వైపు చూశాను. కప్ప నా వైపు చూసినట్టే అనిపించింది. కళ్ళు తెరిచేసరికి నేను బెంచీ మీద పడుకుని ఉన్నాను, పక్కన ఎవరో సోడా కొడుతున్నారు. ఎలాగోలా పాసయ్యాను గానీ, డాక్టరు చదువు నాది కాదని నాకూ కప్పకూ ఆనాడే తెలిసిపోయింది. అవ్వకు మాత్రం తెలియలేదు. "కప్పే కదమ్మే, కండ్లు మూసుకోని కోసేయరాదా?" అనేది.

ఇంటరు రెండో సంవత్సరం పరీక్షలయ్యాక ఒక అమావాస్య నాడు అవ్వ మోకాళ్ళ మొక్కు తీర్చడానికి పెనుకొండ దర్గాకు పోయాం. అమావాస్యకు మగ్గం మూస్తారు కాబట్టి నాయనకూ సెలవే. కానీ ఆయన ఇంట్లోనే పడుకుంటానన్నాడు. నేనూ అవ్వా వెళ్ళాం. దర్గాలో చక్కెర చదివించి, తెచ్చుకున్న చిత్రాన్నం తినడానికి నీడ వెతుక్కుంటూ విజయనగర రాజుల నాటి గగనమహల్ దగ్గరికి చేరాం. అక్కడ ఒక అమ్మాయి ప్యాంటు వేసుకుని గోడ మీదకెక్కి టేపు వదులుతోంది. కింద ఇద్దరు అబ్బాయిలు ఆమె చెప్పిన కొలతలు రాసుకుంటున్నారు. ఆడపిల్ల గోడెక్కి చెబుతుంటే మగపిల్లలు కింద కూర్చుని రాసుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. చిత్రాన్నం నోట్లోనే ఉండిపోయింది.

అవ్వ ఊరుకుంటుందా. "ఏమ్మే పాపా, ఆ గోడను కొలిచి ఏం చేస్తారు? అమ్ముతాండారా?" అని కిందినుంచే అరిచింది. ఆ అమ్మాయి నవ్వుతూ దిగి వచ్చింది. హైదరాబాదులో ఆర్కిటెక్చరు చదువుతోందట, పాత కట్టడాలను కొలిచి గీయడం వాళ్ళ చదువులో భాగమట. చేతిలోని కాగితం చూపించింది. దాని మీద మహల్ సగం లేచి ఉంది, మగ్గం మీద సగం నేసిన చీరలాగా. ఇలాంటి చదువు ఒకటుందని నాకు అంతవరకూ తెలియదు. ఎట్లా చేరాలని అడిగాను. "ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలి. తర్వాత ఇంటర్వ్యూకు పిలుస్తారు, నువ్వు గీసిన బొమ్మలు తీసుకెళ్ళాలి. అందులో ఒక కట్టడాన్ని కొలిచి గీసింది ఉండాలి. నీకు ఇంటర్లో మ్యాథ్స్ ఉందా?" అంది. "లేదు, కప్ప ఉంది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. తర్వాత జాలిపడి, లెక్కల పేపర్లు మాత్రం ప్రైవేటుగా కట్టి పాసయినా పనికొస్తుందని దారి చెప్పింది.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన మగ్గం ఆపకుండా అంతా విన్నాడు. చెప్పడం అయిపోయాక ఇంకో నాలుగు పోగులు నేసి, అప్పుడు ఆపాడు. "ఒక్క సంవత్సరం. ఈ సంవత్సరం లోపల ఆ లెక్కలు పాసై, ఆ సీటేదో వస్తే పో. రాకుంటే గమ్మున టీచరు ట్రైనింగులో చేరల్ల. ఇంగ రెండో మాట లేదు" అన్నాడు. మళ్ళీ మగ్గం మొదలైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటర్లో రెండేళ్ళు చదివే లెక్కలు ఒక్క ఏడాదిలో చదవాలి, బొమ్మలు గీయాలి, మహల్ కొలవాలి, ఆపైన ఇంట్లో చీరలకు గ్రాఫులు గీయాలి. నన్ను పంపడం ఇష్టం లేక, కాదనలేక, గడువు పెట్టి కాళ్ళు కట్టేశాడనుకున్నాను. గ్రాఫులు గీసే మనిషి చేజారుతుందని ఆయన భయం అనుకున్నాను. ఏడాది పొడుగునా ఆయన మగ్గం మీద నుంచి "లెక్కలు యాడికొచ్చినాయి?" అని అడిగినప్పుడల్లా, ఇంకెన్నాళ్ళు మిగిలాయో గుర్తు చేస్తున్నాడనే నాకు వినిపించేది.

లెక్కలు చెప్పే మనిషి కోసం వెతకనక్కరలేదు. మా హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన ఖాసిం సారు సొంత ఊరు హిందూపురానికి బదిలీ చేయించుకుని వెళ్ళారు. ఆదివారం పొద్దున ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ మీదుగా హిందూపురం. బొగ్గు ఇంజను కాబట్టి దిగేసరికి నెత్తి నిండా నుసి. నా జడ దులిపితే గానీ మస్తానమ్మ పెద్దమ్మ లోపలికి రానిచ్చేది కాదు. వాళ్ళు తరతరాలుగా బొరుగుల బట్టీ నడిపేవాళ్ళు. ఆ ఇంట్లో పంతులు ఉద్యోగం చేసింది సారు ఒక్కరే. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా లెక్కపెట్టేవాళ్ళు కాదు. బట్టీ మీద పెద్ద మూకుడులో ఇసుక కాగుతుంటే, పెద్దమ్మ దోసెడు బియ్యం చల్లి చీపురుతో ఒక్క తిప్పు తిప్పేది. చిటపటమని బియ్యమంతా పూలైపోయేది. ఆ వేడికి అవతల వరండాలో ఒక చాప, చాప మీద సారు, గోడకు నల్లబల్ల. అదే నా కాలేజీ.

సారు నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. లెక్క సరిగ్గా వస్తుంటే దాన్ని ఎడమ దవడకు, తప్పుతుంటే కుడి దవడకు మార్చేవారు. నేను నల్లబల్ల మీద రాస్తూ మధ్య మధ్య తిరిగి ఆయన దవడ చూసుకునేదాన్ని. ఒకసారి అది కనిపెట్టి, లవంగం మింగేసి, "ఇప్పుడు చెయ్యి చూస్తాము" అన్నారు. తొందరపడితే మాత్రం ఒకటే మాట: "యాలమ్మా అంత తొందర? లెక్క యాడికీ పోదు, ఈడనే ఉంటాది." లెక్క తప్పితే శిక్ష వేసేది మాత్రం పెద్దమ్మ. "తప్పిందా? దా, వచ్చి చెరుగు" అని చేట చేతికిచ్చేది. వేయించిన బొరుగుల్లోంచి పేలనివీ, ఇసుకా చెరిగి తీయాలి. త్రికోణమితి నేర్చుకునే రోజుల్లో నేను చెరిగిన బొరుగులతో హిందూపురం అంతా ఉగ్గాణి చేసుకుని ఉంటుంది. నిరూపక జ్యామితి వచ్చాక పెద్దమ్మకు నష్టం మొదలైంది. గళ్ళ కాగితం మీద చుక్క పెట్టడం, గీత పోనివ్వడం నాకు పుట్టినింటి విద్య. "ఏమప్పా, ఈ పిల్ల ఈ పొద్దు తప్పలేదే, ఇంగ ఎవురు చెరుగుతారు?" అని సారు మీద కేకలేసేది. సారు కలన గణితం పుస్తకం తీసి, "ఉండు, వచ్చే వారం నుంచి నీకు పని పిల్ల దొరుకుతాది" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజమైంది.

మహల్ కొలిచింది నేనూ అవ్వా. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఇంకెవరు వస్తారు? మళ్ళీ ఒక అమావాస్య చూసుకుని పెనుకొండలో దిగాం. పొడవూ వెడల్పూ కొలవడం సులభమే, అవ్వ టేపు వదిలేసి దారిన పోయేవాళ్ళతో మాట్లాడకుండా ఉంటే. ఎత్తు ఎట్లా? గోడ ఎక్కే ధైర్యం నాకు లేదు. సారు చెప్పిన ఉపాయం ఉంది: ఎత్తు తెలిసిన కర్ర ఒకటి ఎండలో నిలబెట్టి, దాని నీడనూ కట్టడం నీడనూ కొలిస్తే కట్టడం ఎత్తు తేలుతుంది. కర్ర తేవడం మర్చిపోయాను. అవ్వనే నిలబెట్టాను. ముందు ఆమెను తలనుంచి పాదం దాకా కొలవబోతే ఆమె, "యాలమ్మే, ఇప్పుడే కొలుస్తాండావు? కాటికి పోయేటప్పుడు ఎట్లాగూ కొలుస్తారు కదా!" అని గోల. నిలబడ్డాక నీడ కొలవబోతే కదిలేది. "కదలొద్దవ్వా, నువ్వు కదిలితే మహల్ పొట్టిదైపోతాది" అంటే, "నా మోకాళ్ళ మింద మహల్ కట్టినావు కదమ్మే" అని తిట్టుకుంటూనే, కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో బొమ్మలాగా నిలబడింది. అక్కడ మేకలు కాసుకునే ముసలాయన ఇదంతా చూసి, "ఏమ్మా, అవ్వకు గాలి సోకిండాదా? దర్గా అవతల ఉండాది" అన్నాడు. ఆ పూట మేం నవ్విన నవ్వుకు కొలతలు తప్పకపోవడమే గొప్ప.

ఇంటికొచ్చేసరికి నా పెట్టె మీద కొత్త గ్రాఫు కాగితాల కట్ట ఒకటుంది. నాయన పెట్టినదే. ఇంకో చీరకు డిజైను గీయమని చెప్పకుండా చెప్పాడనుకున్నాను. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఇప్పుడా ఈ పని! కోపం పట్టలేక, చీరకు కాగితం లేకుండా పోనీ అని దాని మీదే మహల్ గీశాను. ఒక గడికి ఒక అడుగు. తోరణాలు, మెట్లు, పై అంతస్తు, శిఖరం, ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ, చీర కొంగు గీసినంత శ్రద్ధగా. చూస్తే నాకే ముచ్చటేసింది. నాయన మగ్గం దిగి వచ్చి, వెనకాల నిలబడి చూసి, మళ్ళీ పోయి మగ్గంలో కూర్చున్నాడు. కాగితం దండగ చేశానని కోపం అనుకున్నాను.

లెక్కలు పాసయ్యాను. కలన గణితంలో అంచు మీద గట్టెక్కాను, అంతే. సారుకు చెప్పడానికి పోతే ఆయన మార్కులు చూసి, లవంగం నోట్లో వేసుకుని ఎడమ దవడకు పంపారు. ఆ రోజు పెద్దమ్మ నాకు చేట ఇవ్వలేదు. ఒడి నిండా బొరుగులు, బెల్లం పోసింది. ఇప్పటి పిల్లలు ఈ చదువుకు పోవాలంటే ఎనిమిదో తరగతి నుంచే కోచింగులంటారు, కంప్యూటర్లో కట్టడాన్ని పుట్టించి అన్ని వైపులా తిప్పి చూపిస్తారు. మా ఆఫీసులో చేరే పిల్లలు ఆ వయసులో నాకు తెలిసినదానికి పదింతలు తెలిసి వస్తున్నారు. నాకు అసూయ లేదు, సంతోషమే. కాకపోతే ఒక మహల్ ఎత్తు తెలుసుకోవడానికి ఎండలో నిలబడే అవ్వ వాళ్ళకు అవసరం లేకుండా పోయింది. ఆ ముచ్చట వాళ్ళకు తీరదు, పాపం.

ఇంటర్వ్యూకు ఆడపిల్లను ఒంటరిగా హైదరాబాదు పంపరు కాబట్టి నాయన వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట. నన్ను లోపలికి పిలిచారు, ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ముగ్గురు పెద్దలు. ముందు హంసలు, నెమళ్ళు చూశారు, తలలూపారు. తర్వాత మహల్ తీశాను. మధ్యలో కూర్చున్న ఆయన పెనుకొండ చూసిన మనిషి. కాగితం పట్టుకుని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "ఏమ్మా, మీది కరువు జిల్లా అని తెలుసు గానీ, మహల్ కూడా ఇంతగా చిక్కిపోయిందా?" అన్నాడు. మిగిలిన ఇద్దరూ తొంగి చూశారు. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. ఒకాయన స్కేలు పెట్టి కొలిచి, "నువ్వు రాసిన వెడల్పుకూ గీసిన వెడల్పుకూ పొంతనే లేదు" అన్నాడు. చూశాను. నిజమే. నా మహల్ పస్తులున్న మనిషిలాగా సన్నగా, పొడుగ్గా నిలబడి ఉంది. ఇంట్లో అంత బాగా కనిపించిన బొమ్మ అక్కడ అలా ఎందుకైందో అర్థం కాలేదు. టీచరు ట్రైనింగు కళ్ళ ముందు కనిపించింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. నాయన. జీవితంలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి, తువ్వాలు భుజం మీద నుంచి జారిపోతున్నా చూసుకోకుండా లోపలికి వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా, ఎందుకు నగుతాండారు మీరు ఆ పిల్లను చూసి?" అన్నాడు. గదిలో నవ్వు ఆగిపోయింది. మధ్యలో ఉన్న పెద్దాయన నొచ్చుకుని, పిల్లను చూసి కాదనీ, బొమ్మ కొలత తేడాగా ఉందనీ చెప్పి, కాగితం చూపించాడు. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయన మొహంలో కోపం పోయింది. చేతులు జోడించాడు.

"ఈ కాగితం నేను తెచ్చినా సార్. పిల్ల ఇండ్లు గీస్తాంది కదా, దానికి మంచి కాగితం కావల్లని అంగట్లో ఉండేదాంట్లో మేలైంది ఏరి తెచ్చినా. ఇది గుడ్డకు గీసే కాగితం. మాకు తెలిసింది ఇదొగటే. తప్పు నాది సార్. దీనికి పిల్లను ఎనక్కి పంపొద్దండి" అన్నాడు.

నాకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఆ కాగితాల కట్ట చీరకు కాదు, నాకు. దాన్ని చీరకు దక్కకుండా చేశానని నేను ఇన్నాళ్ళూ లోపల మురిసిపోయాను. రెండోది, మా కాగితంలో గడి చదరం కాదు. పట్టు చీరలో నిలువు పోగులు ఒత్తుగా ఉంటాయి, అడ్డం పోగులు కాస్త ఎడంగా ఉంటాయి. అందుకని మా కాగితంలో అడ్డంగా పది గళ్ళు పట్టిన చోట నిలువుగా ఎనిమిదే పడతాయి. గడి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి అదే కాగితం చూసిన కళ్ళకు గడి అంటే అదే. మహల్‌ను చిక్కిపోయేట్టు చేసింది కరువు కాదు, మా మగ్గం. ఏడుపు, నవ్వు రెండూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని లేచి, నల్లబల్ల మీద గడి గీసి చూపించాను. వెడల్పులన్నిటినీ ఎనిమిదితో భాగించి పదితో గుణిస్తే మహల్ మామూలు మనిషి అవుతుందని చెప్పాను. తొందరపడలేదు. లెక్క ఎక్కడికీ పోదని తెలుసు. పెద్దాయన తెల్ల కాగితం ఒకటి ఇచ్చి, అక్కడే కూర్చుని మళ్ళీ గీయమన్నాడు. గీశాను. గీసినంతసేపూ ఆ ముగ్గురూ నాయనను కుర్చీలో కూర్చోబెట్టుకుని, పట్టు గురించి అడుగుతూనే ఉన్నారు. లేచేటప్పుడు పెద్దాయన నా కొత్త మహల్‌ను పైకెత్తి చూసి, "ఇప్పుడు తిండి తింటోంది" అన్నాడు. సీటు ఇస్తున్నామని ఆయన చెప్పిన మాట నాకు వినిపించలేదు, నాయన మొహం చూసి తెలుసుకున్నాను.

బయట బెంచీ మీద కూర్చుని రొట్టెల మూట విప్పాం. అవ్వ ఊరిబిండి దండిగా పెట్టింది. ఇంక ఆపుకోలేక అడిగేశాను. "నేను పాసు కాగూడదనే కదా నాయనా, ఒక్క సంవత్సరమే అంటివి?"

ఆయన నమలడం ఆపి నా వైపు చూశాడు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. "యాల పాపా అట్లంటావు? గడువు లేకుండా ఎప్పుడన్నా చీర దిగిండాదా మగ్గం మింద నుంచి? ఎప్పుడైతే అప్పుడు ఇస్తాలే అని మొదలుపెట్టిన చీర ఏదీ నేను ముగించలేదు. నువ్వు ముగించల్ల అని చెప్తిని" అన్నాడు. ఏడాదంతా మోసిన కోపం దించుకోవడానికి నాకు చోటు దొరకలేదు. ఆ కాలేజీ వరండాలోనే, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, రొట్టె చేతిలో పట్టుకుని ఏడ్చాను. నాయన కంగారుపడి చుట్టూ చూసి, ఊరిబిండి అంతా నా రొట్టె మీదకే తోసి, "తిను, తిను, రైలుకు టైమైతాంది" అన్నాడు.